ఎదురు సాలు

"ట్రాలీ ఆటో బోల్తా, ఒకరి మృతి" అని జిల్లా పేజీలో కింద మూలకు వేశారు. తల్లాడ దాటాక మలుపు దగ్గరట. మిర్చి కూలీలట. ఎక్కాల్సినవాళ్ళకు రెండింతల మంది ఎక్కారట. ఆ ఒకరు ఎవరో పేపరువాళ్ళకు తెలియదు, తెలుసుకునే తీరికా లేదు. మా ఆయన పురుగుమందుల దుకాణానికి వచ్చిన రైతు ఒకాయన చెప్పాడు, "మీ తోటలో ఇదివరకు ఏరిన ముఠా మేస్త్రే పోయింది" అని. మా ఆయన ఫోన్ చేసి నాకు ఆ మాట చెప్పి, "పాపం" అన్నాడు. ఆ వెంటనే "మధ్యాహ్నం కూరేంటి" అని అడిగాడు.

రెండు మాటల మధ్య కాస్తయినా ఆగి ఉండాల్సింది. వంకాయ అని చెప్పాను.

ఆమె పేరు ఇక్కడ రాయను. తెలియక కాదు. మూడేళ్ళుగా మా ఇంట్లో ఆ పేరుని తిట్టుగా వాడుతున్నారు. నేనెప్పుడైనా గొంతు పెంచితే "నువ్వూ దానిలాగే తయారవుతున్నావ్" అని పేరు పెట్టి మరీ అనేది మా అత్తయ్య. అన్ని నోళ్ళలో నలిగిన పేరుని మళ్ళీ నేను కాగితం మీదికి తేను. మేస్త్రి అనే అంటాను. ముఠాలోవాళ్ళు ఆమెను అక్కా అనేవాళ్ళు. ఆమె నన్ను "టీ పిల్లా" అనేది.

మాది జూలూరుపాడు పక్క ఊరు. మా మామగారి తండ్రి కోస్తా నుంచి వచ్చి ఇక్కడ భూమి కొన్నారు. నేను కొత్తగూడెం పిల్లని. బి.ఎడ్. చేసి, పెళ్ళయి వచ్చి, ఉద్యోగం మాట ఎత్తితే "చూద్దాంలే" అనిపించుకుంటూ ఉన్న రోజుల్లో నాకు ఈ ఇంట్లో దొరికిన ఉద్యోగం పదింటికి తోటకి టీ తీసుకెళ్ళడం. స్కూటీ ముందు స్టీలు క్యాను పెట్టుకుని గతుకుల బాటలో రెండు కిలోమీటర్లు వెళ్ళాలి. కాయ పండే రోజుల్లో పర్ణశాల అవతల గోదారి ఒడ్డు ఊళ్ళ నుంచి ఇరవైమంది ఆడవాళ్ళు వచ్చేవాళ్ళు. మోటారు షెడ్డు పక్కన పరదాలు కట్టుకుని కోత అయ్యేదాకా అక్కడే ఉండేవాళ్ళు. తమలో తాము వాళ్ళ భాష మాట్లాడుకునేవాళ్ళు. మాతో తెలుగు. మేస్త్రి మాత్రం ఏ భాషలోనైనా అరిచేది.

చీర మీద మగవాళ్ళ ఫుల్ చేతుల చొక్కా, తలకు తువ్వాలు, పది వేళ్ళకూ పాత చీర పీలికలు. ఎక్కడున్నా మొదట ఆమె గొంతే వినబడేది.

"కాయ తెంపుర్రి, కొమ్మ తెంపకుర్రి! కొమ్మ తెగితే మల్ల కోతకు ఏం ఏరుతరు, మీ తలకాయలా?"

టీ తాగడానికి కూర్చునేది కాదు. తన సద్ది గిన్నె మూతలో పోయించుకుని, మూడుసార్లు ఊది, నిలబడే తాగేది. చివరి గుక్క మిరప మొదట్లో పారబోసేది. ఎందుకని అడిగితే "చెట్టు గూడ పొద్దుగాల్నుంచి ఎండలనే నిలవడ్డది గదా" అంది.

"టీ పిల్లా, ఇండ్ల టీ ఏడుందే? నీళ్ళు ఉడుకవెట్టి తెచ్చినవా? మీ అత్తకు చెప్పు, రెండు ఆకులు ఎక్కువేస్తే ఆస్తి కరగదని."

"ఆ మాట నువ్వే చెప్పు మేస్త్రీ, నాకు భయం" అనేదాన్ని.

ముఠాలో ఒకామె నవ్వేది. "మా అక్కకు పెండ్లిగాక ముందు గూడ గిదే నోరు. చెవిటోడు దొరికిండు గాబట్టి సంసారం నిలవడ్డది."

"చెవుడు గాదే, తెలివి," అనేది మేస్త్రి. "ఇనవడనట్టు ఉంటడు."

ఆమెలో మొదట నాకు వింతగా తోచింది ఆమె మోచేతులు. కోత రోజుల్లో ఆమె ఎవరినీ చేత్తో ముట్టుకునేది కాదు. పడుకున్నవాళ్ళను మోచేత్తో పొడిచి లేపేది. నచ్చిన మాటంటే మోచేత్తో వీపు మీద తట్టేది. కోపమొస్తే మోచేత్తోనే నెట్టేది. మిరప ఏరిన చేతుల సంగతి ఏరినవాళ్ళకే తెలుసు. నూనె రాసినా, మజ్జిగలో ముంచినా, బూడిదతో తోమినా ఆ మంట చర్మంలో ఉండిపోతుంది. పాలిచ్చే తల్లి ఎవరైనా ముఠాలో ఉంటే మేస్త్రి ఆమెను కాయ ముట్టనిచ్చేది కాదు, వంటకీ నీళ్ళకీ పెట్టేది. "ఈ చేతులు పైసలకే. పిల్లలకు మోచేతులు" అనేది.

నాకు పోయింది పదో వారంలో.

పొద్దున లేచేసరికి రక్తం. కొత్తగూడెంలో ఒక ప్రైవేటు దవాఖానాకు తీసుకెళ్ళారు. స్కానింగ్ గదిలో తెర నా వైపు తిప్పలేదు. "హార్ట్ బీట్ లేదు" అని డాక్టరమ్మ నాతో కాదు, పక్కనున్న అమ్మాయితో అంది, రాసుకోమని. అంతా అయ్యాక నర్సు వచ్చి "క్లీన్ అయిపోయింది, భయం లేదు" అంది. ఇల్లు ఊడ్చినట్టు చెప్పింది. తిరిగొస్తున్నప్పుడు కార్లో మా అత్తయ్య ముందు సీట్లోంచి వెనక్కి తిరగకుండానే అంది, "మూడో నెల నిండలేదు కాబట్టి మనం ఎవరికీ చెప్పలేదు. చెప్పలేదు కాబట్టి ఇప్పుడు చెప్పేదీ ఏం లేదు. అర్థమైందా?"

అర్థమైంది. రాలేదు కాబట్టి పోలేదు.

మా అమ్మకు ఫోన్ చేస్తే ఆవిడా అదే మాట. "బయట అనకు తల్లీ, దిష్టి తగుల్తది." పోయినదానికి ఇంకా దిష్టి ఏంటని అడగాలనిపించింది. అడగలేదు. ఆ రోజుల్లో నాకు అడగాలనిపించినవన్నీ రాస్తే ఈ నోటుబుక్కు చాలదు. మా ఆయన రెండు రోజులు మెత్తగానే ఉన్నాడు. మూడోరోజు "అమ్మ చెప్పినట్టు విను కొన్నాళ్ళు" అన్నాడు. వంటింట్లో అత్తయ్య అతనితో అంటుంటే విన్నాను, "గతుకుల్లో స్కూటీ వేసుకుని తిరిగితే నిలుస్తుందా?" అని. ఆ స్కూటీ మీద నన్ను పంపింది తనే. అయిదో రోజు పొద్దున క్యాను నా ముందు పెట్టింది కూడా తనే.

"ఇవాళ నువ్వే వెళ్ళు. నాలుగు రోజులు కనబడకపోతే కూలీలు కథలు అల్లుతారు."

అదే స్కూటీ. అవే గతుకులు. నడుము విరిగిపోతోంది. ప్రతి గతుకుకీ పళ్ళు బిగబట్టుకుని వెళ్ళాను.

క్యాను దింపి, సాలు చివర కాయ కుప్ప పక్కన కూలబడ్డాను. ఏడుపు వచ్చేస్తోంది. ఇరవైమంది చూస్తారు. ఎందుకని అడుగుతారు. అప్పుడు నాకో తెలివైన ఆలోచన వచ్చింది. మిరప తోటలో కళ్ళు నీళ్ళు కారడానికి కారణం ఎవరూ అడగరు కదా. రెండు పండు కాయలు తీసుకుని అరచేతిలో నలిపి కళ్ళకు రాసుకున్నాను. చదువుకున్నదాన్ని, పిల్లలకు సైన్సు చెప్పడానికి పనికొస్తానని సర్టిఫికెట్ ఉన్నదాన్ని, చేసిన పని అది.

నేను పెట్టిన కేక నాకే కొత్తగా వినబడింది. మేస్త్రి సాళ్ళు దాటుకుంటూ వచ్చింది.

"ఎవతె కండ్లల్ల చెయ్యి వెట్టింది? టీ పిల్లనా! నీళ్ళ కుండ తేర్రి, జల్దీ!"

వంట చూసే ఆమె చేతులకు కారం లేదు. ఆమె నా రెప్పలు విప్పి పట్టుకుంది. మేస్త్రి నా మణికట్లను తన ముంజేతులతో నేలకు అదిమిపెట్టింది. వాళ్ళందరికీ సాయంత్రం దాకా ఉండాల్సిన తాగునీళ్ళు నా మొహం మీద పోశారు. ఆ తర్వాత మేస్త్రి సద్ది గిన్నెలోని మజ్జిగ. కాసేపటికి నాకు ఆకాశం కనబడింది. దానికి అడ్డంగా ఆమె మొహం.

"అందరు పోయి ఏరుర్రి. ఈడేం తోలుబొమ్మలాట లేదు" అని మిగతావాళ్ళను పంపేసి, నా అరచేయి వైపు చూసింది. "చేత్ల గింజలున్నయ్. నలిపినవ్. తెలిసి వెట్టుకున్నవ్. ఎందుకు?"

నేను చెప్పాను. అప్పటిదాకా ఎవరితోనూ నోటితో అనని మాట. "కడుపు పోయింది మేస్త్రీ."

"ఎన్ని నెల్లు?"

"రెండున్నర."

"ఎప్పుడు?"

"సోమవారం."

పీలికలు చుట్టిన వేళ్ళు ముడిచి లెక్కపెట్టింది. ఆమె మొహం ఎర్రబడటం నా మసక కళ్ళకు కూడా తెలిసింది.

"సోమారం పోతే శుక్రారం టీ మోస్తున్నవా? ఎవలు మొయ్యమన్నరు? మీ అత్తనా? నీ మొగడేడి, సచ్చిండా?"

"అరవకు మేస్త్రీ. అందరూ వింటారు."

"అరుస్త. ఎవలో ఒకలు అరవాలె గదా! నువ్వు అరవవు, మీ ఇంట్ల అరవరు. గంత పిల్ల పోతే ఒక్కలన్న అరవకపోతె ఎట్ల?"

గంత పిల్ల అంది. పది వారాలదాన్ని. డాక్టరు దగ్గర దానికి పేరు లేదు, మా ఇంట్లో దానికి ఉనికి లేదు. ఆమె దాన్ని పిల్ల అంది. నేను అప్పుడు ఏడ్చాను. ఆమె తన చొక్కా చేతిని, మోచేతి మడత దగ్గర, కారం అంటని చోటు చూసుకుని, దాంతో నా మొహం తుడిచింది. గరుగ్గా ఉంది. చెమట వాసన.

"కారం మీద వెట్టి ఏడుస్తవా? కారానికి ఏం తెలుసు? నీ పిల్ల మీదనే ఏడువు" అంది. గిన్నె పక్కన పెట్టి, "లే. సాలు పట్టు" అంది.

ఆ ముఠాలో ఒక పద్ధతి ఉండేది. ఎవరికైనా కడుపు పోతే మూడు వారాలు ఆమె బస్తా ఎత్తకూడదు, బిందె మోయకూడదు. పనికి మాత్రం రావాలి, నలుగురిలో ఉండాలి. ఆమె తన సాలు ఈ కొస నుంచి మొదలుపెడుతుంది. తమ సాలు అయిపోయినవాళ్ళు ఆ కొస నుంచి మొదలుపెట్టి ఏరుకుంటూ ఆమెకు ఎదురొస్తారు. ఎక్కడ కలిస్తే అక్కడికి ఆ సాలు అయిపోయినట్టు. ఎవరూ సాయం చేశామని అనరు, ఆమె అడగదు. ఎదురొచ్చారు, అంతే.

నేను భూమి ఉన్న ఇంటి కోడలిని. మా తోటలో నేనెప్పుడూ కాయ తెంపలేదు. నా వేళ్ళకు పీలికలు కట్టించి, నన్ను ఒక సాలు మొదట్లో, ఒక పీట మీద కూర్చోబెట్టింది. "రెండు చెట్లు చాలు. జరుగకుంట ఏరు" అని తను ఆ చివరికి వెళ్ళిపోయింది.

నా పక్క సాలులోని ఆమె నా వైపు చూడకుండానే అంది, "నాది నాలుగో నెల్ల పోయింది. పత్తి తీస్తాంటే."

ఇంకాసేపటికి అవతల సాలు నుంచి, "నాయి రెండు. పెద్ద బిడ్డకంటె ముందొకటి, తర్వాతొకటి. మా ఆయనకు ఒకటే ఎర్క."

ఎవరూ ఓదార్చలేదు. మళ్ళీ పుడతారులే అనలేదు. దేవుడి దయ అనలేదు. చెట్ల మీదుగా ఒక్కొక్కరూ తమది చెప్పి కాయ తెంపుకుంటూ ముందుకు పోయారు. ఆ చివర నుంచి మేస్త్రి గొంతు తోటంతా వినబడేట్టు వచ్చింది.

"నాకు ఆరుగురు! ముగ్గురు ఇంటికాడ, ముగ్గురు మట్టిల. నన్ను గూడ లెక్కల వేసుకోర్రి!"

ఎవరో నవ్వారు. నేనూ నవ్వాననుకుంటా.

ఆమె నా దాకా ఏరుకుంటూ వచ్చేసరికి నేను రెండో చెట్టు దగ్గరే ఉన్నాను. మోచేత్తో నా ముంజేతిని తాకింది. "సాలు అయిపోయింది. ఇంటికి వో. స్కూటీ మెల్లగ వోనియ్యి, గతుకులకాడ దిగి నడువు" అంది.

ఆ తర్వాత జరిగింది రాయడానికి నాకు మూడు రాత్రులు పట్టింది. రాసి కొట్టేశాను. మళ్ళీ రాస్తున్నాను.

మర్నాడు శనివారం సాయంత్రం, పక్క వీధివాళ్ళు ఇద్దరు ఆడవాళ్ళు పెళ్ళి పిలుపుకి వచ్చి మా వసారాలో కూర్చుని ఉన్నారు. మేస్త్రి వచ్చింది. చంకలో నాటుకోడి. ఎన్నడూ మా గేటు దాటని మనిషి.

"పెద్దమ్మా, గీ కోడి ఆ పిల్లకు వండిపెట్టు. మిరియాలు జర ఎక్కువెయ్యి. నడుముకు గుడ్డ కట్టినవా? కొన్ని దినాలు పని చెప్పకు దానికి."

పిలుపుకి వచ్చినవాళ్ళు కుంకుమ భరిణె మూత పెట్టారు. అత్తయ్య నవ్వుతూనే ఉంది. ఆ నవ్వుతోనే నా వైపు తిరిగింది.

"ఏంటమ్మా, ఏం చెప్పావు నువ్వు? నీకేమైంది?"

నాకప్పుడు ఒక్క మాట చాలు. అవును అంటే చాలు. నలుగురు ఆడవాళ్ళు, మేస్త్రితో అయిదుగురు. వాళ్ళలో ఎంతమందికి అదే జరిగి ఉంటుందో. ఒక్క అవును అంటే ఆ వసారాలో కూడా ఎవరో ఒకరు ఎదురొచ్చేవాళ్ళేమో.

"నేనేం చెప్పలేదు," అన్నాను. "నాకేం కాలేదు."

మేస్త్రి నన్ను చూసింది. కోపంగా చూసి ఉంటే బాగుండేది. ఊళ్ళో ప్రతిదానికీ అరిచే మనిషి, ఆ ఒక్కసారి అరవలేదు.

"అవ్‌లే," అంది. "వేరే ఇంటికి పోవల్సింది గీ ఇంటికి వచ్చిన. యాది ఉంటలేదు, ముసల్దాన్ని అయితున్న."

మెట్లు దిగి, మళ్ళీ వెనక్కి వచ్చి, కాళ్ళు కట్టిన కోడిని మెట్టు మీద పెట్టింది. "కోడిని మాత్రం మల్ల మోసుకపోను. మీరే తినుర్రి."

మర్నాడు ఆదివారం. ఆ కోడినే వండారు. మిరియాలు వేయలేదు. నేనూ తిన్నాను.

తర్వాతి ఏడాది కోతకి అత్తయ్య వేరే ముఠాను పిలిపించింది. "దాని నోటి దురుసు భరించలేం" అంది. ఎన్నో ఏళ్ళుగా మా తోటకే వచ్చేవాళ్ళు. నేను భోజనాల దగ్గర మజ్జిగ వడ్డిస్తూ విన్నాను. వడ్డించడం ఆపలేదు. మా తోటలో ఉన్నన్నాళ్ళు వాళ్ళకు ట్రాలీ ఎక్కాల్సిన అవసరం లేదు. పరదా దాటితే సాలు. మా తోట పని పోయాక ఉండటానికి చోటిచ్చేవాళ్ళు దొరక్క, రోజుకో తోటకి, రోజుకో ఊరికి, తెల్లారకముందే ట్రాలీల్లో నిలబడి పోవడం మొదలైంది. బండిని మలుపులో అంత వేగంతో తిప్పింది నేను కాదు. అంతమందిని ఎక్కించింది నేను కాదు. అయినా ఆ ట్రాలీ దాకా ఆమెను నడిపించిన దారిలో నా మాట ఒకటి ఉంది. నాకేం కాలేదు అన్న మాట.

ఒక్కసారి మళ్ళీ చూశాను ఆమెను. నాకు ఏడో నెల. అప్పటికే ఆశా కార్యకర్త ఇంటికొచ్చి కార్డు రాస్తూ "మొదటిదేనా?" అని అడిగితే, అత్తయ్య "మొదటిదే" అని చెప్పడం, నేను తలూపడం అయిపోయింది. జూలూరుపాడు సెంటర్లో మా ఆయన కొబ్బరి బొండాం కోసం బండి ఆపాడు. పక్కనే ఒక ట్రాలీ వచ్చి ఆగింది. నిండా ఆడవాళ్ళు, నిలబడి, ఒకరి భుజాలు ఒకరు పట్టుకుని.

"టీ పిల్లా!"

చొక్కా, తువ్వాలు, పీలికలు. నా పొట్ట చూసి పళ్ళన్నీ కనబడేట్టు నవ్వింది. "ఎన్నోదే?" అని అరిచింది.

మా ఆయన అటు తిరిగి ఉన్నాడు. అయినా నేను ఒక వేలే చూపించాను.

ఆమె నవ్వు ఆపేసింది. తల అడ్డంగా ఊపింది. పట్టుకున్న కడ్డీని వదిలేసి చెయ్యి పైకెత్తి రెండు వేళ్ళు చూపించింది. అప్పుడే ట్రాలీ కదిలింది. ఆమె తూలింది. పక్కామె నడుము పట్టుకుని లాగి, "సస్తవా అక్కా!" అని తిట్టింది. సెంటరు దాటేదాకా ఆ రెండు వేళ్ళూ కిందికి దించలేదు.

నా కూతురికి ఇప్పుడు రెండేళ్ళు దగ్గరికొస్తున్నాయి. అది పడుకున్నాక నాలుగైదుసార్లు ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తాను. దగ్గితే లేస్తాను, దగ్గకపోయినా లేస్తాను. ఇంట్లో అందరూ నవ్వుతారు. "మొదటి పిల్ల కదా, అలాగే ఉంటుంది" అంటారు. మొదటి పిల్ల కాదు కాబట్టే అలా ఉంటుందని వాళ్ళకు చెప్పేదెవరు? పోగొట్టుకున్నది లేదని అందరూ తేల్చేశాక, ఇంకోటి పోతుందేమోనన్న భయానికి కారణం ఏమని చూపించాలి?

పేపర్లో వార్త వచ్చిన రోజు సాయంత్రం అత్తయ్య వసారాలో చింతపండు గింజ తీస్తోంది. "పాపం," అంది. "పనిమంతురాలే. నోరే మంచిది కాదు."

"అత్తయ్యా, ఆ రోజు మేస్త్రి ఇల్లు తప్పి రాలేదు. మన ఇంటికే వచ్చింది. ఆమెకు చెప్పింది నేనే."

"తెలుసు," అంది తల ఎత్తకుండా.

"తెలిసీ ఆమెను మానిపించారా?"

"పెళ్ళి పిలుపుకి వచ్చినవాళ్ళ ముందు పరువు తీస్తే ఊరుకుంటారా? నాకు రెండు పోయాయి. మీ మామయ్యకి తప్ప ఈ నాటికి ఎవరికైనా తెలుసా? మర్నాడే నాట్లకి దిగాను."

బహుమతి చూపించినట్టు చెప్పింది. నేను ఎదురుచూశాను, ఆ గొంతు ఎక్కడైనా వణుకుతుందేమోనని. వణకలేదు.

"అంత కష్టం తెలిసి, నన్ను అయిదో రోజు పంపారా?"

"నన్ను రెండో రోజు పంపలేదా?"

జాలి వేసింది నిజమే. కోపం మాత్రం వెంట్రుకవాసి తగ్గలేదు. "అవి ఏ నెలల్లో పోయాయి అత్తయ్యా?" అని అడిగాను. ఆవిడ చింతపండు పళ్ళెం తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. తలుపు మాత్రం వేసుకోలేదు.

నిన్న పొద్దున టీ నేనే తీసుకెళ్ళాను. ఈ ఏటి ముఠాకు మగ మేస్త్రి. బైకు మీద వచ్చి, ఫోన్ చూసుకుంటూ గట్టు మీద కూర్చుంటాడు. సాళ్ళు ముగించినవాళ్ళు టీకి వచ్చి కూర్చున్నారు. ఒకామె మాత్రం సగం సాలులో వెనకబడి ఉంది. నడుము పట్టుకుని వంగుతోంది. ఎవరూ లేవలేదు. వీళ్ళకు ఆ పద్ధతి లేదు.

క్యాను దింపి, ఆ సాలు అవతలి కొసకు వెళ్ళి ఏరడం మొదలుపెట్టాను. వేళ్ళకు పీలికలు లేవు. చేతకాక రెండు కొమ్మలు విరిచాను. మా మేస్త్రి బతికుంటే నా తలకాయ ఏరించేది.

దగ్గరపడుతుంటే ఆమె భయపడింది. "ఏందమ్మా, మీరెందుకు? మేస్త్రి చూస్తే నన్ను తిడ్తడు."

"తిట్టనీ. నేనూ తిడతాను."

ఇంకో నాలుగు చెట్లు. ఇద్దరం ఏరుతూనే ఉన్నాం. ఏదో ఒకటి మాట్లాడాలని కాబోలు అడిగింది, "పిల్లలున్నరా అమ్మా?"

"ఇద్దరు," అన్నాను. "ఇంట్లో ఒకతి."

ఆమె చెయ్యి కాయ మీద ఆగింది. మళ్ళీ తెంపింది. "నాకు నలుగురు," అంది నా వైపు చూడకుండా. "ఇంటికాడ ముగ్గురు."

సాలు అయిపోయింది.

ఇంటికొచ్చేసరికి నా కూతురు వసారాలోంచి చేతులు చాపుకుని పరుగెత్తుకొచ్చింది. నా రెండు చేతులూ నిప్పుల్లో పెట్టినట్టున్నాయి. కిందికి వంగి, మోచేతుల మధ్య దాన్ని ఇరికించుకుని పైకెత్తాను. కాళ్ళు వేలాడేసి కిలకిలా నవ్వింది, అదేదో ఆట అనుకుని.

"పసిదాన్ని ఎత్తుకునే పద్ధతి అదేనా? ఎవరు నేర్పారు నీకు?" అంది అత్తయ్య.

మేస్త్రి పేరు చెప్పాను. పూర్తిగా, ఆ రోజు పిలుపుకి వచ్చినవాళ్ళు కూర్చున్న చోటిదాకా వినబడేట్టు చెప్పాను.

వేళ్ళు ఇంకా మండుతున్నాయి. కొబ్బరినూనె రాసుకోమని మా ఆయన సీసా తెచ్చి పక్కన పెట్టాడు. మూత తీయలేదు. ఉండనీ అన్నాను.